ఇస్తరాకుల ఓదెలు కూత

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. వెనక ఉన్నవాళ్ళు ఊఁ కొట్టండి, ముందున్నవాళ్ళు కునుకు తీయకండి. కథ ఊరు కాచే ఆ తల్లిది, నోరు నాది, చెవులు మీవి.

అనగా అనగా, మన తాతలను వాళ్ళ తాతలు భుజాన ఎత్తుకుని తిరిగిన కాలంలో, ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఓదెలు అని ఒకడు. అడవికి పోయి మోదుగాకు తెచ్చేవాడు, ఎండబెట్టేవాడు, పుల్లలతో ఇస్తరాకులు కుట్టేవాడు. ఎవరింట్లో పెళ్ళయినా ఊరంతా వాడి ఆకుల్లోనే తినేది. వాడికి మాత్రం కడపటి పంక్తిలో చోటు.

ఓదెలుకు చెడుగుడంటే ప్రాణం. ఆట మాత్రం రాదు. ఒక్క ఊపిరిలో కూత పెడుతూ అవతలి జట్టులోకి పోవాలి కదా? వాడికి నాలుగడుగులకే దమ్ము తెగేది. ఆ ఊరి ఆటగాళ్ళలో మేటి రాజేశం. అతను కూత పెడితే ఏటి అవతలి గొర్రెలు తలలెత్తి చూసేవట!

"అరే ఇస్తరాకూ, గాలొస్తే ఎగిరిపోతవు, పక్కకు నిలబడు" అని నవ్వేవాడు రాజేశం. ఓదెలూ నవ్వేవాడు. మర్నాడు మళ్ళీ వచ్చేవాడు.

అట్లా ఉండగా ఊరి మీద గత్తర పడింది, వాంతులు విరేచనాల మహమ్మారి. పొద్దున నీళ్ళు మోసిన మనిషి పొద్దుగూకేసరికి లేడు. ఒక ఇల్లు, రెండిళ్ళు, వాడకు వాడ. ఊరి పెద్ద లింబాద్రి పటేలు ప్రతి గడప ముందు బూడిదతో గీత గీయించాడు. "గీత ఎవరూ దాటొద్దు. నీళ్ళు కాచి తాగండి" అన్నాడు. మంచి మాటే. ఆ మాట వల్ల ఎందరో బతికారు. కానీ భయంలో ఉన్న మనిషి కదా, దానికి ఇంకో మాట తగిలించాడు.

"అమ్మతల్లి ఊళ్ళో తిరుగుతున్నది. చప్పుడు వినబడ్డ ఇంటికే వస్తది. రోట్లో దంచొద్దు, పాట పాడొద్దు, పిల్లల్ని ఆడనియ్యొద్దు."

ఊరు నోరు మూసుకుంది. మొదట ఆకలి పోయింది. తర్వాత నిద్ర పోయింది. ఆ తర్వాత బతకాలన్న కోరిక కూడా పోయింది.

ఓదెలు ఇంటికి ఎదురిల్లు రాజేశానిది. గత్తర అతని ఒక్కగానొక్క కొడుకును తీసుకుపోయింది. ఆనాటి నుంచి రాజేశం గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఒక పొద్దుగూకే వేళ అతని తల్లి భూదవ్వ తన గీత దగ్గర నిలబడి, సన్నగా పిలిచింది.

"ఓదెలూ, రోగం నా మనుమణ్ణి కొంటవోయింది. నా కొడుకును అది ముట్టనే లేదు బిడ్డా. ఊరికెనే పోతుండు."

"అంబలన్నా తాగలేదా అవ్వా?"

"తినడు. పలకడు. లేవడు."

ఓదెలు ఏం చేస్తాడు? మందు తెలియదు, మంత్రం తెలియదు, గీత దాటరాదు. వాడికి తెలిసింది ఒక్కటే, అదీ సరిగా రాదు. గీత దగ్గరికొచ్చి వంగాడు. తొడ చరిచాడు. "చెడుగుడు చెడుగుడు చెడు..." దమ్ము తెగింది. దగ్గొచ్చింది.

"ఎవడ్రా అది?" పటేలు తన గుమ్మంలోంచి కేకేశాడు. "అమ్మను ఇంటికి పిలుస్తున్నవారా?"

"పిలుస్తలేను పటేలా, ఆడుతున్న."

"ఆమెకు కోపమొస్తది!"

"పిల్లలు ఆడుకుంటే కోపమొచ్చేదాన్ని అమ్మ అని ఎందుకంటం పటేలా?"

పటేలు తలుపేసుకున్నాడు. రాజేశం గోడ వైపు నుంచి తిరగలేదు.

రెండోనాడు ఓదెలు మళ్ళీ వంగాడు, తొడ చరిచాడు, కూత పెట్టాడు. వాడలో పిల్లలు కిసుక్కున నవ్వారు. వాళ్ళూ తమ తమ గీతల వెనక తొడలు చరిచారు. రాజేశం మాత్రం పలకలేదు.

మూడోనాడు ఓదెలు వంగాడు, తొడ చరిచాడు, కూత పెట్టాడు. గొంతు బొంగురుపోయి అది కూతలా లేదు, దూడ అరుపులా ఉంది.

"ఆపరా!" లోపలి నుంచి రాజేశం గొంతు. "అదేం కూతరా? చెవులు పోతున్నయి!"

భూదవ్వ చేతిలో చెంబు జారిపోయింది.

"నువ్వు పెట్టి చూపియ్యి మరి" అన్నాడు ఓదెలు.

"నాకు దేని మీదా మనసు లేదురా."

"మనసు లేకున్నా సరే. గీత దాక రా."

గోడ పట్టుకుని వచ్చాడు రాజేశం. గడ్డం మాసింది, కళ్ళు లోతుకు పోయాయి. గుండెల నిండా గాలి పీల్చి కూత మొదలుపెట్టాడు. రెండు మాటలకే తెగింది! తిండి లేని ఒళ్ళు కదా.

"ఓడినవ్! నా చేతిలో ఓడినవ్ రాజేశం!" ఓదెలు గీత వెనకే గంతులేశాడు.

రాజేశం తెల్లబోయి చూశాడు. చూసి చూసి, గడప మీద కూలబడి ఏడ్చాడు. కొడుకు పోయినాక అతని కంట నీరు రావడం అదే మొదలు. చాలాసేపు ఏడ్చి, ముఖం తుడుచుకుని అన్నాడు:

"అవ్వా, ఇంత అంబలి పొయ్యి. రేపు వీని సంగతి చూస్తా."

ఇక రోజూ పొద్దుగూకే వేళ వాడంతా గీతల దగ్గరికి వచ్చేది. వంగేవాళ్ళు, లేచేవాళ్ళు, తొడలు చరిచేవాళ్ళు. ఒక ఇంటి కూత తెగగానే ఎదురింటి కూత. గీత తొక్కినవాడు ఓడినట్టే. ఒళ్ళు అలిసి ఆకలేసేది, ఆకలి తీరి నిద్రొచ్చేది. ఏ ఇంటి నుంచి కూత రాకపోతే ఆ ఇంటి గీత మీద కాచిన నీళ్ళ కుండ పెట్టి దూరం జరిగేవాళ్ళు; గీత దాటడానికి పటేలు ఒప్పుకున్నది ఆ ఒక్క పనికే. అట్లా ఎన్ని ప్రాణాలు నిలిచాయో ఆ తల్లికే తెలుసు.

ఒకనాడు ఓదెలు ఇంటి నుంచి కూత రాలేదు.

నీళ్ళ కుండ పెట్టారు. మందాకు పెట్టారు. ఓదెలు వాకిట్లోకి పాకి వచ్చి తాగాడు గానీ, రోగం లొంగలేదు. రాజేశం ఆగలేక కాలెత్తాడు.

"గీత, రాజేశం" అన్నాడు ఓదెలు, పడుకున్నచోటి నుంచే. "భూదవ్వకు నువ్వొక్కడివే."

రాజేశం ఎత్తిన కాలు వెనక్కి పెట్టాడు. ఏం చేయాలో తెలియక కూత ఎత్తుకున్నాడు. అతని దమ్ము తెగేలోపు పక్కింటివాళ్ళు అందుకున్నారు, వాళ్ళ తర్వాత ఆ పక్కింటివాళ్ళు. చప్పుడు వద్దన్న లింబాద్రి పటేలు కూడా తన గీత దగ్గరికి వచ్చి అందుకున్నాడు. ఆ కూత తెగకుండా వినబడుతుండగానే, ఊరు కాచే తల్లీ, ఓదెలు ఊపిరి విడిచి నీ దగ్గరికి వచ్చాడు.

మర్నాడు పొద్దుగూకింది. వాడలో ఎవరూ కూత ఎత్తలేదు. భూదవ్వ కొడుకు వైపు చూసింది. మళ్ళీ గోడ వైపు తిరుగుతాడా అని భయపడింది. రాజేశం లేచాడు. గీత దాక నడిచాడు. వంగి, తొడ చరిచి, ఖాళీగా ఉన్న ఎదురింటి వైపు చూస్తూ కూత పెట్టాడు. వాడంతా బదులు పలికింది.

గత్తర పోయింది. గీతలు వానకు కొట్టుకుపోయాయి. కానీ ఆ ఏటి పక్క ఊళ్ళలో ఇప్పటికీ ఒక ఆచారం ఉంది. ఎవరింట్లోనైనా చావు జరిగి, మిగిలిన మనిషి తలుపేసుకుని కూర్చుంటే, పొద్దుగూకే వేళ ఇరుగుపొరుగు ఆ వాకిట్లో నిలబడతారు. లోపలికి పోరు. ఊరడింపు మాటలు చెప్పరు. ఒకరు తొడ చరిచి చిన్న కూత పెడతారు, అంతే. దాన్ని ఓదెలు కూత అంటారు. లోపలి మనిషి గడప దాక వచ్చి బదులు పలకాలి. రెండు మాటలకే తెగినా చాలు.

పలకకపోతే మర్నాడు మళ్ళీ వస్తారు. ఆ మర్నాడూ వస్తారు. పలికేదాకా వస్తూనే ఉంటారు.