గవరయ్య వీపు మీద చుక్క

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చెట్లు లేవు, పుట్టలు లేవు, పులి అసలే లేదు. ఉన్నదల్లా ఒక గాజు సీసా. దాని అడుగున గడ్డకట్టిన బెల్లం జావ, పైన మూతికి దూది బిరడా. అయినా అందులో పుట్టిన పండు ఈగలు దాన్ని అడవి అనే అనుకునేవి. వాటికి వేరే అడవి తెలియదు మరి. మనమూ అలాగే అనుకుందాం.

ఆ సీసా ఒక ప్రయోగశాలలో బల్ల మీద ఉండేది. అక్కడ తెల్లకోటు వేసుకున్న ఒకావిడ పనిచేసేది. ఈగలు ఎలా నేర్చుకుంటాయో, నేర్చుకున్నది ఎన్నాళ్ళు గుర్తుంచుకుంటాయో తెలుసుకోవడమే ఆవిడ పని. రోజూ పొద్దున్నే సన్నటి గొట్టం సీసాలో పెట్టి ఒక్కో ఈగను సుర్రుమని పీల్చేది. పట్టుకెళ్ళి చిక్కుదారిలో వదిలేది.

చిక్కుదారి అంటే ఒక గాజు సందు. కొంత దూరం పోయాక అది రెండుగా చీలుతుంది. ఒక పాయలో నిమ్మగడ్డి వాసన, చివర చక్కెర నీళ్ళు. ఇంకో పాయలో అరటిపండు వాసన, కింద రాగి తీగలు. తీగల మీద కాలు పెడితే షాక్ కొడుతుంది.

తప్పు పాయలో దూరిన ఈగ వీపు మీద ఆవిడ కుంచెతో ఒక పసుపు చుక్క పెట్టేది. చుక్క పెట్టి మళ్ళీ సీసాలోకి వదిలేది. మూడు చుక్కలు పడితే మాత్రం ఇక ఇంటికి రావడమంటూ లేదు. కిటికీ పక్కన నూనె సీసా ఒకటి ఉంది, అందులోకే. అక్కడి నుంచి తిరిగొచ్చిన ఈగ ఇంతవరకూ లేదు.

మన సీసాలో గవరయ్య అనే ఈగ ఉండేవాడు. పుట్టి నలభై రోజులైంది. ఈగల్లో అది తాతల వయసు. పడుచుతనంలో గవరయ్య మూడుసార్లు చిక్కుదారికి వెళ్ళాడు. మూడుసార్లూ ఎడమకు తిరిగాడు. మూడుసార్లూ పొట్ట నిండా చక్కెర నీళ్ళు తాగి వచ్చాడు. మొదటిసారి అందరూ అదృష్టం అన్నారు. రెండోసారి తెలివి అన్నారు. మూడోసారికి గవరయ్య గురువుగారు అయిపోయాడు.

గురువు అయ్యాక బడి పెట్టక తప్పదు కదా. సీసా గోడ మీద పెట్టాడు. పిల్ల ఈగలు వరసగా నడిచి రావాలి. గవరయ్య "సందు!" అని అరవగానే ఎడమకు తిరగాలి. అంతే పాఠం. పొద్దున్న ఇదే, మధ్యాహ్నం ఇదే, సాయంత్రం పునశ్చరణ.

"ఎడమ అంటే ఎడమే," అనేవాడు గవరయ్య. "ఎవరొచ్చి కాదన్నా వినకండి. ఆఖరికి నేనే వచ్చి కాదన్నా వినకండి. గురువుగారు పరీక్ష పెడుతున్నారనుకోండి."

ఈ మాటకు శిష్యులు పొంగిపోయేవారు. చదువంటే ఇలా ఉండాలి అనుకునేవారు. అందుకు బదులుగా జావ నడిమధ్యన ఉన్న మెత్తటి తడి చోటు గవరయ్యకు వదిలిపెట్టారు. ఆ చోట పాఠం చెప్పే ఈగ తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు.

నిజం చెప్పుకోవాలంటే పాఠం బాగానే పనిచేసింది. వెళ్ళినవాళ్ళంతా ఎడమకు తిరిగారు, చక్కెర తాగారు, వచ్చారు. తెల్లకోటావిడ నిమ్మగడ్డిని రోజూ ఎడమవైపే పెడుతోందని ఎవరూ గమనించలేదు. పోలమ్మ తప్ప.

పోలమ్మ ఆ సీసాలోనే ఉండే ఇంకో ముసలి ఈగ. అందరికీ ఎర్ర కళ్ళయితే ఆవిడకు తెల్ల కళ్ళు. చూపు అంతంత మాత్రం.

"అన్నయ్యా, ఎడమేదో కుడేదో నాకు ఆనదు," అంది పోలమ్మ ఒకరోజు. "నేను సందు చీలిన చోట ఆగుతాను. మీసాలెత్తి వాసన చూస్తాను. నిమ్మగడ్డి ఎటుంటే అటు పోతాను."

పిల్లలూ, ఈగకు మనలా ముక్కు ఉండదు. ఆ పని మీసాలు చేస్తాయి.

"పాపం, చూపు లేనివాళ్ళకు అదో దారి," అన్నాడు గవరయ్య జాలిగా.

ఒకరోజు పొద్దున తెల్లకోటావిడ రెండు పాయలనూ అటుదిటు చేసింది. ఎందుకు చేసిందో ఆవిడ ఈగలకు చెప్పలేదు. ఆ రోజు గొట్టంలోకి వెళ్ళింది ఎవరో కాదు, గవరయ్యే.

శిష్యులంతా గోడకు అతుక్కుని సాగనంపారు. గవరయ్య సందులో ఠీవిగా నడిచాడు. చీలిక దగ్గరకు వచ్చాడు. ఎడమవైపు నుంచి అరటిపండు వాసన గుప్పుమంది. మీసాలు ఒక్క క్షణం నిలబడ్డాయి. "నాకే పాఠం చెబుతారా?" అని వాటిని కసురుకుని గవరయ్య ఎడమకు తిరిగాడు.

షాక్ కొట్టింది. ఆరు కాళ్ళూ ఒక్కసారే పైకి లేచాయి. ఆ వయసులో అంత ఎత్తు ఎగురుతానని ఆయన అనుకోలేదు. కిందపడ్డాక ఆయనకు అంతా అర్థమైంది. ఆ మూడుసార్లూ ఎడమవైపు నిమ్మగడ్డి వాసనే ఉంది. చక్కెర ఇచ్చింది ఎడమ కాదు, ఆ వాసన.

వీపు మీద పసుపు చుక్కతో సీసాలోకి వస్తూనే, ఎవరూ చూడకముందే ఒక మూలకు పోయి చుక్క మీద కాస్త జావ పూసుకున్నాడు.

"గురువుగారూ, చక్కెర ఎలా ఉంది?" అని శిష్యులు చుట్టూ మూగారు.

చెప్పడానికి అదే సమయం. గవరయ్య తడి చోటు వంక చూశాడు. వరసగా నిలబడ్డ పిల్ల ఈగల వంక చూశాడు.

"ఎప్పటిలాగే ఉంది," అన్నాడు.

"వీపు మీద ఆ జావ ఏమిటండీ?"

"చదువు పూర్తయినవాళ్ళు పూసుకునేది," అన్నాడు.

సాయంత్రానికి సీసాలో సగం ఈగలు వీపుకు జావ పూసుకున్నాయి.

మర్నాడు అప్పడు అనే శిష్యుడు వెళ్ళాడు. మంచి పిల్లాడు, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. కాళ్ళు వణుక్కుంటూ తిరిగొచ్చాడు. అందరికీ కాకుండా గవరయ్య చెవిలో చెప్పాడు, "గురువుగారూ, షాక్ కొట్టింది."

"నువ్వు సరిగా తిరిగి ఉండవు," అన్నాడు గవరయ్య. "చుక్క మీద జావ రాసుకో. ఎవరికీ చెప్పకు, నవ్వుతారు."

అప్పడు రోజంతా గోడ మీద ఎడమకు తిరగడం సాధన చేశాడు. రెండో రోజు రెండో చుక్కతో వచ్చాడు. మళ్ళీ సాధన చేశాడు. మూడో రోజు ఉత్సాహంగా వెళ్ళాడు. ఇక రాలేదు.

"పాఠం ఒంటబట్టలేదు పాపం," అన్నాడు గవరయ్య అందరి ముందూ. ఆ పూట జావ ఆయనకు రుచించలేదు. దూది బిరడా కింద అప్పడు కునుకు తీసే చోటు ఖాళీగా ఉంది. అటు చూడకుండా ఉండాలంటే తల తిప్పుకుని కూర్చోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఇంకా కొందరు వెళ్ళారు. ప్రతివాళ్ళూ వచ్చి ఆయన చెవిలోనే చెప్పారు. ప్రతివాళ్ళకూ ఆయన అదే మాట చెప్పాడు. సీసాలో ప్రతి ఈగా తప్పు చేసింది తానొక్కతే అనుకుంది. పోలమ్మ మాత్రం వెళ్ళి, ఆగి, వాసన చూసి, కుడికి తిరిగి, చక్కెర తాగి వచ్చింది. చూపు లేక దారి తప్పింది, అదృష్టం బాగుంది అనుకున్నారు అందరూ.

ఒకనాడు గవరయ్య మనవరాలు సింగారి వచ్చింది. తాతంటే ప్రాణం దానికి.

"తాతా, నేను మొద్దుదాన్ని," అంది ఏడుస్తూ. "నీ పాఠం రెండుసార్లు పాడుచేశాను. రెండు చుక్కలు పడ్డాయి. రేపు పొద్దున ఎలాగైనా బాగా తిరుగుతాను. నీ పేరు నిలబెడతాను."



పక్కనే ఉన్న పోలమ్మ మెల్లిగా దగ్గరకు జరిగింది. "అన్నయ్యా, నువ్వు తిరిగొచ్చిన రోజు నీ కాళ్ళు వణికాయి. నాకు కనపడలేదు. గోడ వణికింది, తెలిసింది."

"అయితే రేపటి నుంచి పాఠం మారుస్తాను," అన్నాడు గవరయ్య గొంతు తగ్గించి. "కుడి అని చెబుతాను. నా మాటా పోదు, పిల్లా బతుకుతుంది."

"ఎల్లుండి ఆవిడ మళ్ళీ మారిస్తే?" అంది పోలమ్మ. "రేపే మారిస్తే?"



తెల్లారింది. తెల్లకోటావిడ బల్ల దగ్గరకు వచ్చింది. గవరయ్య సింగారిని పిలిచి గబగబా చెప్పాడు, "తల్లీ, ఎడమ కాదు. కుడీ కాదు. ఎటో నాకు తెలియదు. సందు చీలిన చోట ఆగి వాసన చూడు. అరటిపండు వాసన ఉన్న వైపు పోకు."

సింగారి కళ్ళు తుడుచుకుని నవ్వింది. "పరీక్ష పెడుతున్నావు కదా తాతా! నువ్వే వచ్చి కాదన్నా వినొద్దన్నావుగా. నేను వినను."

శిష్యులంతా "శభాష్" అన్నారు. దూది బిరడా లేచింది. గొట్టం లోపలికి దిగుతోంది.

గవరయ్య ఎగిరి తడి చోటు మధ్యలో వాలాడు. అందరికీ వీపు చూపిస్తూ నిలబడ్డాడు. వెనక కాళ్ళతో జావ గోకేశాడు. ఎండిపోయిన జావ పెచ్చులు పెచ్చులుగా రాలింది. కింద పసుపు చుక్క.



"అప్పడు వెళ్ళకముందే నాకు షాక్ కొట్టింది," అన్నాడు గవరయ్య. "నేను చెప్పలేదు. వాడిది తప్పు కాదు. నాది."

ఒక శిష్యుడు మెల్లగా తన వీపు గోక్కున్నాడు. కింద ఒక చుక్క. పక్కవాడు గోక్కున్నాడు. ఒక చుక్క. ఆ పక్కనున్నదానికి రెండు. చూస్తుండగానే సీసా నిండా పసుపు చుక్కలు. సింగారి తాత చుక్కను చూసింది, చుట్టూ ఉన్న చుక్కలు చూసింది. ఇంకేమీ అడగలేదు. సుర్రుమని గొట్టం దాన్ని పీల్చుకుపోయింది.

గవరయ్య గోడకు అతుక్కుని కూర్చున్నాడు. ఇన్ని రోజుల బతుకులో అంత పొడుగు పొద్దు ఆయన ఎరగడు. భయమేసింది. ఆ మాట పైకే అన్నాడు. పోలమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

చివరికి బిరడా లేచింది. సింగారి లోపలికి వాలింది. మూడో చుక్క లేదు. కాళ్ళకు చక్కెర అంటుకుని ఉంది.

"ఆగాను తాతా," అంది. "వాసన చూశాను. అరటిపండు కుడివైపు ఉంది. అందుకని ఎడమకు పోయాను."

తెల్లకోటావిడ ఆ పొద్దునే పాయలను మళ్ళీ మార్చేసిందన్నమాట. గవరయ్య కుడి అని చెప్పి ఉంటే ఏమయ్యేదో ఆయనకు వెంటనే అర్థమైంది. 

శిష్యులకు ఇంకోటి అర్థమైంది. "ఎడమ! చూశారా, గురువుగారి పాఠమే నిజం!" అని గంతులేశారు. ఇద్దరు అప్పుడే జావ పూసుకోవడం మొదలుపెట్టారు.

గవరయ్య గోడ దిగి, తడి చోటు దాటి నడుచుకుంటూ వెళ్ళి వాళ్ళకు అడ్డంగా నిలబడ్డాడు. వీపు తిప్పి చుక్క చూపించాడు. "ఇది నాది. మూడు అప్పడివి," అన్నాడు.

ఆ తర్వాత గవరయ్య ఇంకో పదిహేను రోజులు బతికాడు. చిక్కుదారికి వెళ్ళబోయే ప్రతి పిల్ల ఈగకూ ముందు ఆ చుక్క చూపించేవాడు, అప్పడి పేరు చెప్పేవాడు, తర్వాత మీసాలెత్తి వాసన చూడమనేవాడు. జావ మధ్యన తడి చోటు ఖాళీగానే ఉండేది. ఆకలేసిన ఈగ ఏదైనా సరే వచ్చి అక్కడ తిని పోయేది.

నీతి: తప్పు చేస్తే దెబ్బ ఒక్కరికే తగులుతుంది, ఆ తప్పును దాచిపెడితే మనల్ని నమ్మి వెనక నడిచే ప్రతివారికీ తగులుతుంది.