పాతూరి మీద పుట్టి

మద్దిలేటి తాతకు ఒక పాడు అలవాటుండేది. ఎవరేం అడిగినా జవాబు చెప్పడు, అడిగినోన్ని పనికి తోలతాడు. "తాతా, దేవుడుండాడా?" అని అడిగినోడు పూటంతా చిరిగిన వల కుట్టి, అడిగింది మర్చిపోయి ఇంటికి పోయినాడు. అట్లని తాతను తక్కువగా చూడొద్దు. ఆయన పుట్టి, అదే తట్ట మాదిరుండే గుండ్రటి పడవ, నీళ్ళ మీద పోతావుంటే చేపలు పక్కకు జరిగి దారిచ్చేవి. నమ్మకపోతే పోయి చేపల్నే అడగండి, వాటికి మనలాగ అబద్ధాలు రావు.

ఆయన దగ్గర పుట్టి నడపను నేర్చుకునేదానికి సుంకన్న చేరినాడు. మంచోడే గానీ, వానికి మంచి జరిగినా భయమే. పెండ్లాం నవ్వితే "ఈ నవ్వెన్నాళ్ళో" అనుకుంటాడు. వలలో చేప పడితే "ఇదే ఆఖరిదేమో" అంటాడు. పోయినేడు వాళ్ళన్న ఎల్లప్ప డ్యాం నీళ్ళల్లో మునిగిపోయినాడు, పీనుగ గూడా దొరకలేదు. అప్పట్నుంచి సుంకన్న అన్నం ముందర కూర్చున్నా మనసు ఆ నీళ్ళల్లోనే.

ఒకదినం ఉండబట్టలేక అడిగేసినాడు. "తాతా, చెడ్డ ఆలోచన తలకాయలోకి రాకుండా ఎట్ల ఆపల్ల? ఇట్లయితే నేను బతకలేను."

తాత బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "పాతూరి మీద వల ఏసినా. పోయి తీసుకోని రా."

పాతూరంటే డ్యాం కట్టినప్పుడు మునిగిన ఊరు. ఇండ్లు, కల్లాలు, రచ్చకట్ట అన్నీ నీళ్ళకింద అట్లే ఉండాయి. ఎల్లప్ప పోయిందీ ఆడనే. గాలి లేని మిట్టమధ్యాన్నం దాని మీదికి పుట్టి ఎవరూ తీసుకపోరు.

"ఈ యాళప్పుడా తాతా?"

"చేపలకు యాళలు తెలీవురా. పో."

పోయినాడు. నీళ్ళు నూనె పోసినట్లు కదలకుండా ఉండాయి. రాయి పగిలే ఎండ, అయినా సుంకన్న నోట్లోంచి చలికాలం మాదిరి పొగ వస్తాంది. పాతూరి మీదికి వచ్చేసరికి కిందనుంచి రోకలి పోటు వినపడింది. దబ్... దబ్... ఎవరో జొన్నలు దంచుతాండారు. ఒక కోడి కూసింది. ఎవరో గొళ్ళెం తీసినారు.

"సుంకా, వచ్చినావా?"

అన్న గొంతే. ముక్కుతో మాట్లాడే ఆ గొంతు వానికి తెలీకుండా ఉంటాదా?

"నీకు గూడా వాకిలి ఊడ్చి పెట్టినా. ఇంకెప్పుడొస్తావు?"

సుంకన్న వంగి చూసినాడు. లోపల ఒక వాకిలి బార్లా తెరిచుంది. గడపకు పూసిన పసుపు ఇంకా తడిగా ఉంది.

పుట్టి గుండ్రంగా ఉంటాది, దానికి ముందూ ఎనకా లేదు. గట్టు మీద యాదో ఒకదాన్ని చూసుకుంటా తెడ్డేస్తే పోతాది. చూపు కిందికి పడిందా, ఉన్నచోటనే తిరగలి మాదిరి తిరుగుతాది. సుంకన్న తెడ్డేస్తానే ఉండాడు, పుట్టి తిరుగుతానే ఉంది. "నేను రాను, పో!" అని నీళ్ళను తిట్టినాడు. ఇంకా జోరుగా తిరిగింది. కండ్లు మూసుకున్నాడు. రోకలి పోటు వాని గుండెలోకే వచ్చి కూర్చుంది. వాడు వంగేకొద్దీ పుట్టి ఒకపక్కకు ఒరిగింది. అంచు దాటి చల్లటి నీళ్ళు మోకాళ్ళ కాడికి వచ్చినాయి.

"వచ్చేస్తాండావు," అన్నాడు కింద అన్న, సంతోషంగా.

అప్పుడు గట్టు మీదనుంచి ఒక అరుపు. "ఒరేయ్ సుంకా! పులుసుకు చింతపండు నానేసినావా, లేదా?"

సుంకన్నకు ఒళ్ళు మండిపోయింది. తల పైకెత్తి, "నేనీడ చస్తావుంటే నీకు పులుసు కావల్లనా ముసలోడా!" అని అరిచినాడు.

"చచ్చేటోడివి చింతపండు యాడ పెట్టినావో చెప్పి చావు!"

"అటక మీద!"

"అటక మీద ఉప్పుంది గదరా గాడిదా!"

"ఉప్పెనక చూడు! కండ్లు పోయినాయా?"

"నీ పెండ్లాం కొట్టిన కారం రెండు చెంచాలేద్దునా, మూడా?"

"ఒకటి! అది కారం కాదు, నిప్పు!"

ఇట్ల తిట్టుకుంటా తిట్టుకుంటా సుంకన్న తాత గుడిసెను చూస్తాండాడు, తాత ఎర్ర తువ్వాలను చూస్తాండాడు. చేతులు వాటిపాటికి తెడ్డేస్తాండాయి. పుట్టి ఎప్పుడు తిన్నగా గట్టుకు మళ్ళిందో వానికే తెలీదు. రోకలి పోటు మాత్రం ఆగలేదు. మోకాటి లోతు నీళ్ళ కాడికి వచ్చేదాకా పుట్టి అడుగునే దబ్ దబ్‌మంటా ఎంబడొచ్చింది.

గట్టెక్కి, వల లేకుండానే ఇసకలో కూలబడినాడు. "ఆ కిందోళ్ళ నోరు మూతపడుతుందనుకుంటి తాతా. ఇంకా పిలుస్తానే ఉండారు."

"నన్నూ పిలుస్తారు. నువ్వు పుట్టకముందు నుంచి."

"మరి నువ్వెట్ల వస్తావు?"

తాత పుట్టిలోని నీళ్ళు వంచేసి, దాన్ని బోర్లించి, ఎండకు పెట్టినాడు.

"ఇయ్యాల నేనుండి అరిచినా. గట్టుకు పిలిచే అలవాటు లేదురా అబ్బీ, మనమే దాని దిక్కు చూసుకుంటా రావల్ల," అన్నాడు.