పెడమొగం తల్లి వీపుకు మొక్కే ఆచారం

గరుసుపల్లె దాటి గుట్టవైపు మట్టిదారిన నడిచే భక్తులకు వేరుశనగ చేల అంచున ఒక నల్లరాతి మూర్తి కనబడుతుంది. గోపురం లేదు, గర్భగుడి లేదు, పైకప్పు కూడా లేదు. కొంగు నడుముకు చుట్టి, తల కొద్దిగా వంచి, చేనువైపు చూస్తూ నిలబడిన స్త్రీరూపం అది. వచ్చినవారికి కనిపించేది ఆమె వీపు మాత్రమే. అందుకే పెడమొగం తల్లి అని పేరు వచ్చింది.

మొదటిసారి వచ్చినవారు చుట్టూ తిరిగి ముఖం చూడాలని ఆరాటపడతారు. దయచేసి వెళ్ళవద్దు. తల్లి ఎదుట ఉన్నది పంట వేసిన చేను. పంట తొక్కితే ఆమెకు కోపం వస్తుందో లేదో తెలియదు గాని, మాకు తప్పకుండా వస్తుంది. చెప్పులు రాళ్ళగట్టు అవతలే విడిచి, గట్టు దాటి, తల్లి వెనుక నిలబడి, కుడి అరచేయి ఆమె వీపున ఆనించండి. అక్కడ చేయి పట్టేంత గుంట ఒకటి ఉంది. దానిని ఏ శిల్పీ చెక్కలేదు. తరతరాల భక్తుల చేతులు ఆని ఆని రాయి అరిగింది.

పూర్వం ఇక్కడ చేలు లేవు. గుట్ట మీదినుంచి దొర్లిపడిన రాళ్ళు, ముళ్ళకంపలు, వాటి కింద పాములు ఉండేవి. ఎవరికీ అక్కరలేని ఆ నేలను ముత్యాలప్ప, ఓబులమ్మ అనే ఆలుమగలు సాగుకు పట్టారు. ఆయన గడ్డపారతో రాయి పెకలించేవాడు. ఆమె గంపకెత్తుకొని అంచుకు చేర్చేది. ఇప్పుడు మీరు చెప్పులు విడిచే రాళ్ళగట్టు ఆమె తలమీద మోసినదే. వారికి బిడ్డలు కలగలేదు. కలిగిందల్లా ఆ చేనే. తొలిసారి కొర్ర మొలకెత్తినపుడు ఓబులమ్మ పొద్దుగూకేదాకా గట్టుమీద కూర్చుని దానినే చూసిందట.

కొన్నేళ్ళకు ముత్యాలప్ప జ్వరపడి కాలం చేశాడు. ఆ రోజుల్లో మగడు పోయిన ఆడది ఇంటిమూలన చాప పరచుకొని కూర్చోవలసిందే. ఏడాది తిరిగేవరకు గడప దాటకూడదు, ఎండ మొగం చూడకూడదు. ఓబులమ్మ కూడా అలాగే మూల కూర్చుంది. సరిగ్గా ఆ ఏడాదిలోనే రాజుగారి కొలతవారు గడకర్రలు పట్టుకొని గరుసుపల్లెకు వచ్చారు. ఎవరి చేలో వారు నిలబడి ఇది నాదని చెప్పాలి. చెప్పినవారి పేరున చేను స్థిరపడుతుంది. ఇదీ వారి చాటింపు.

ఓబులమ్మ తన మరిది వన్నూరప్పను పిలిపించింది.

“నేను బయటికి రాకూడదు గదప్పా. నాకు బదులు నువ్వు పోయి నిలబడు. ఇది మా వదినదని చెప్పిరా,” అంది.

“అంతేగదా వదినా, నేనుండ్లేదా?” అన్నాడు వన్నూరప్ప.

మోసం చేయాలనే వెళ్ళాడని కొందరంటారు. మేము అలా అనుకోము. మంచిమనసుతోనే వెళ్ళాడు. కాని రాయి అన్నది లేకుండా ఏరిన ఆ మన్నులో నిలబడి, మెత్తగా పాదం దిగుతుంటే, కొలతవారు ఎవరిదని అడిగేసరికి “నాది” అన్నాడు. ఆ ఒక్క మాటతో ఓబులమ్మ బ్రతుకు తెల్లారిపోయింది. పరాయివాడు లాక్కుని ఉంటే ఆమె ఊరినంతా పిలిచి అడిగేది. సొంత మరిదిని ఏమని అడుగుతుంది?

ఏడాది తిరిగాక ఓబులమ్మ మూల విడిచి చేనికి వెళ్ళింది. అప్పటికే వన్నూరప్ప ఎద్దులు దున్నుతున్నాయి.

“కూడు నేను పెడతాను గదా వదినా. చేను ఎవరి పేరున ఉంటే నీకేం?” అన్నాడతడు, ఆమె కళ్ళలోకి చూడకుండా.

పెట్టాడు కూడా. అబద్ధం చెప్పకూడదు. అయితే ఊరికే ఎందుకు పెట్టాలని తర్వాత అతనికి తోచింది. కలుపుకు పిలిచాడు, కోతకు పిలిచాడు. తాను రాళ్ళేరిన చేలో ఓబులమ్మ కూలికి వంగింది.

మరుసటి ఏడు కొలతవారి పెద్ద ఆ దారినే తిరిగి వచ్చాడు. ఓబులమ్మ పరుగున వెళ్ళి అతనికి అడ్డం నిలిచింది.

“సామీ, ఈ చేను నాది. నేనూ నా మొగుడూ రాళ్ళేరి చేసుకుంటిమి. నేను మూలన ఉండి రాలేకపోతి. అంతే నా తప్పు.”

అతడు చెడ్డవాడు కాడు. ఆ రాళ్ళగట్టును కాసేపు పరికించి చూశాడు.

“అమ్మా, నీ మాట ఒక్కటే చాలదు. ఊరివారిలో ఒక్కరు వచ్చి నీ వెనుక నిలబడి ఈ చేను నీదేనని చెప్పమను. ఇప్పుడే మార్పిస్తాను,” అన్నాడు.

కొలతవారు వచ్చారని పోగైన ఊరు ఊరంతా గట్టు అవతలే ఉంది. ఆమె గంప మోయగా చూడనివారు వారిలో లేరు. కాని ఒకరికి దుక్కికి వన్నూరప్ప ఎద్దులు కావాలి. ఒకరు అతని ఇంట పిల్లనివ్వాలనుకుంటున్నారు. ఇంకొకరికి ఏ అవసరమూ లేదు, ఊరికే ఎందుకు నోరు చేసుకోవడమని ఊరుకున్నారు. తలలన్నీ నేలకు వాలిపోయాయి. వన్నూరప్ప పెండ్లాం లింగమ్మ మాత్రం గట్టుమీద ఒక కాలు పెట్టింది. మగడు ఆమె వైపు చూశాడు. ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

కొలతవారి పెద్ద ఎండ దిగేవరకు వేచి చూసి, గడకర్రలు ఎత్తించుకొని వెళ్ళిపోయాడు. ఓబులమ్మ ఏడవలేదు, తిట్టలేదు. కొంగు నడుముకు చుట్టుకొని, ఊరికి వీపు పెట్టి, చేనువైపు తిరిగి నిలబడింది. చీకటి పడితే తానే వస్తుందిలే అనుకొని అందరూ ఇళ్ళకు చేరారు. తెల్లవారి గొర్రెలు తోలుకొచ్చిన గొల్ల ఆమెను పలకరించి, పలకకపోతే భుజం తట్టాడు. అతని చేతికి చల్లని రాయి తగిలింది.

తల్లి శపించిందని, చేను బీడుపడిందని చెప్పుకునే కథలు నమ్మకండి. ఆ ఏడు కొర్ర ఎన్నడూ లేనంతగా పండింది. ఆమె చేసిన నేల అటువంటిది. గాదెలు నిండాయి గాని, ఆ గింజ వండిన నాడు ఆ ఇంట ఎవరికీ ముద్ద దిగలేదు. లింగమ్మ కుమిలిపోయి మంచం పట్టింది. అప్పుడు ఆమె కలలో తల్లి కనిపించింది, కలలోనూ వెనుదిరిగే.

“నాకు గుడి వద్దు లింగా. పొంగళ్ళు వద్దు, పోతులు వద్దు. ఆ పొద్దు చెప్పని మాట చెప్పండి, చాలు,” అందట.

లింగమ్మ లేచి, మగడు చూస్తుండగానే గట్టు దాటింది. రాతి వీపున చేయి ఆనించి, “ఈ చేను నీదే అక్కా,” అని ఊరంతా వినబడేలా చెప్పింది. వన్నూరప్ప చేను నడుమ కూలబడి పసివాడిలా ఏడ్చాడు. తర్వాత అతడూ వచ్చి చెప్పాడు. కాని తీసుకోవడానికి ఆమె ఎక్కడుంది?

నాటినుంచి గరుసుపల్లెలో మగడు పోయిన ఆడదాన్ని మూలన కూర్చోబెట్టడం లేదు. దినాలు తీరకముందే మరుదులే ఆమెను చేనికి పిలుచుకుపోయి, మన్నులో నిలబెట్టి, “ఇది మా వదినది,” అని పదిమందిలో చెబుతారు. ఇప్పటికీ ఊళ్ళోకి భూమి కొలిచేవారు వస్తే మొగుడూ పెండ్లాం ఇద్దరూ చేలో నిలబడతారు. పొయ్యిమీద కూర మాడినా సరే.

ఏటా తొలి దుక్కినాడు ఇక్కడ జాతర జరుగుతుంది. అందరికన్నా ముందు వన్నూరప్ప వంశంలోని పెద్దకోడలు గట్టు దాటి, తల్లి వీపున చేయి ఆనించి, “ఈ చేను నీదే తల్లీ,” అంటుంది. వెనుక ఊరు, ఆ వెనుక పొరుగూళ్ళవారు అదే మాట చెబుతారు. గట్టు తగాదాలున్నవారు, తోబుట్టువుకు భాగం ఎగ్గొట్టినవారు కూడా వస్తుంటారు. కొందరికి ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది. పెదవులు కదిపి వెళ్ళిపోతారు. మేము చూడనట్టే ఉంటాము, తల్లి సంగతి మాకు తెలియదు. మనసారా చెప్పినవారి ఇంట ఆడబిడ్డ కాళ్ళకింద నేల కదలదని పెద్దల మాట.

మీరూ గట్టు దాటి రండి. ఏ కోరికైనా కోరుకోండి, కాని ముందు ఆ మాట చెప్పండి. ఆనాడు ఒక్కరు చెప్పి ఉంటే చాలేది. ఇన్ని తరాలుగా ఇన్ని వేలమంది వచ్చి, ఆమె వెనుక నిలబడి చెబుతూనే ఉన్నారు. తల్లి ఇంకా ఇటు తిరగలేదు.