ముందు రేక

శఠకోపాచార్యులవారు చర్చకు తీసుకోని విషయాలు రెండు. ఒకటి పరుల వ్యసనం, రెండవది తమ పూర్వజీవితం. హనుమకొండలో వారి దగ్గర తర్కం చదువుకోవడానికి ఎవరు వచ్చినా మొదటినాడే ఈ మాట స్పష్టంగా చెప్పేవారు. చెప్పిన తరువాత కూడా ఎవరైనా ఆ వైపు అడుగు వేస్తే వారి ముఖం తలుపులు మూసిన ఇల్లయ్యేది. వారికి ఒక అలవాటు ఉండేది. పాఠం ఎంత సూక్ష్మమైన చోట ఉన్నా, తపాలా వచ్చిన అలికిడి వినగానే లేచి వెళ్ళి తామే అందుకొనేవారు. ప్రతి కవరు మీది చేతిరాత చూసి, విప్పకుండానే బల్ల మీద పెట్టి, ఆగిన వాక్యం నుంచే తిరిగి అందుకొనేవారు. శిష్యులు దానిని వయసు తెచ్చిన చాదస్తంగా ఎంచి ఊరుకున్నారు.

ఆ శిష్యులలో ఇందుశేఖర్ నలభై ఎనిమిదేళ్ళ ఇంజనీరు. ఇరవై ఏళ్ళు విందులలో వైన్ రుచి తెలిసినవాడని పేరు పొందినవాడు. ఏడాది క్రితం ఒక సాయంత్రం అర గ్లాసు తాగేసరికి ముఖం కందగడ్డ అయింది, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి పిల్లికూతలు కూసింది. బీరుకు మారాడు, విస్కీకి మారాడు, ఏదీ పడలేదు. ఇన్నాళ్ళు పడినది ఇప్పుడు పడకపోవడం కొందరి శరీరాలకు ఉన్నదేనని, ఇక ముట్టవద్దని వైద్యుడు చెప్పాడు. అతడు ముట్టలేదు. అదే రోజుల్లో ఆచార్యులవారి దగ్గర చదువుకు చేరడం వల్ల, చదువు మనిషిని మార్చిందని కాలనీలో మాట పుట్టింది. ఇందుశేఖర్ దానిని పుట్టించలేదు, ఖండించనూ లేదు. ఇప్పుడు కాలనీ సంఘంవారు వచ్చే ఆదివారం అతనికి సన్మానం తలపెట్టారు. ఆహ్వానపత్రం మీద ‘సంకల్పబలంతో మద్యాన్ని జయించిన’ అని అచ్చువేయించారు. తాగుడు వదలలేని కుర్రవాళ్ళను ముందు వరుసలో కూర్చోబెడతామన్నారు.

“దద్దుర్లకు శాలువా కప్పుతారన్నమాట,” అంది అతని భార్య సులోచన. “దురద పెడుతుంది, నూలుది తెమ్మని చెప్పండి.”

ఆ మాట రెండు రోజులు అతని వెంటే తిరిగింది. మూడవనాడు ఆహ్వానపత్రం జేబులో పెట్టుకొని, పాఠం ముగిశాక ఒక్కడే కూర్చుండిపోయాడు.

“ఆచార్యా, ఒక చెడ్డ అలవాటు మానినవాని విషయంలో ఫలితం చూడాలా, హేతువు చూడాలా?”

“ఏ అలవాటు?”

“ఏదో ఒకటి అనుకుందాం.”

“ఎవరు మానారు?”

“ఎవరో ఒకరు అనుకుందాం.”

“ఇన్ని అనుకోవడాల మీద వాదం నిలవదు,” అన్నారు ఆచార్యులవారు. “జరిగిన సంగతి ఒకటి చెబుతాను. విను.” అని, చర్చించనన్న విషయాలకు ఇంత దగ్గరగా ఏనాడూ రాని ఆ మనిషి ఈ కథ చెప్పారు.

ములుగు దారిలో ఒక ఊళ్ళో బత్తిని మొగిలయ్య అనే కల్లుగీత పనివాడు ఉండేవాడు. అతని తాటిచెట్ల కింద, కల్లు తాగేవారు కూర్చునే మండువలో ఒక కట్టుబాటు ఉంది. చెట్టు దిగిన లొట్టి, అంటే కల్లుకుండ, నుంచి నాలుగు చుక్కలు ఎల్లమ్మ పేర నేల మీద వదిలి, ఆపైన ముందు రేక, అంటే తాటాకు దొప్పలో పోసిన తొలి కల్లు, గీసినవాడే అందరి ఎదుటా తాగాలి. ఆ తరువాతే మిగతావారికి పోయాలి. అతని తాత తాగాడు, తండ్రి తాగాడు. ఈ కల్లులో ఏమీ కలపలేదనడానికి అంతకు మించిన సాక్ష్యం ఎవరూ అడగలేదు.

నలభై దాటాక మొగిలయ్య శరీరం ఎదురు తిరిగింది. ముందు రేక గొంతు దిగగానే పెదవులు ఉబ్బేవి, ఒళ్ళు దద్దుర్లు తేలేది, ఊపిరి అందేది కాదు. ఇంకొక్కసారి తాగితే గొంతు మూసుకుపోవచ్చునన్నాడు వైద్యుడు. అది ఎటువంటి సంవత్సరమంటే, పక్క ఊళ్ళో మత్తుమందు కలిపిన కల్లు తాగి ఇద్దరు చనిపోయి ఉన్నారు. గీసినవాడు తాగని కల్లు ఎవరు ముడతారు? మొగిలయ్య మూడు రోజులు రేక ఎత్తి, పెదవికి ఆనించి, కల్లును గడ్డం వెంట జార్చాడు. నాలుగవనాడు పోశాలు అనే పాత గిరాకీ ముందుకు వంగాడు.

“ఏందే మొగిలీ, మూణ్ణాళ్ళ సంది జూస్తున్న. గడ్డం తాగుతున్నది గని గొంతు తాగుతలేదు.”

మొగిలయ్య రేక కింద పెట్టాడు. “నిజమే మామా. నా ఒంటికి పడ్తలేదు. పడ్తలేదని జెప్పకుంట తాగినట్టు జేసిన. అది తప్పు.”

“గీసినోనికి పడనిది మాకెట్ల పడ్తది?” అన్నారు ఎవరో.

“నీ పెండ్లాంతోని తాగియ్యి, జూస్తం,” అన్నారు ఇంకొకరు.

“నా మీద లేని నమ్మకం నా పెండ్లాం మీద ఉన్నదా?” అన్నాడు మొగిలయ్య. “గీసుడు నా పని. నమ్ముడు మీ పని. నా పని నేను జేస్త.”

ఆనాడు మండువ ఖాళీ అయింది. మరునాడూ అంతే. గీత ఆపితే గెల ఎండిపోతుంది కనుక, మొగిలయ్య ప్రతి ఉదయం మోకు వేసుకొని చెట్టెక్కాడు, లొట్టి దించాడు, ఎల్లమ్మకు నాలుగు చుక్కలు వదిలాడు, పొద్దుగుంకేదాకా కూర్చుని, మిగిలినదంతా చెట్టు మొదట్లో పారబోశాడు. ఎవరినీ పిలవలేదు, ఎవరినీ నిందించలేదు. పదకొండు రోజులు. పన్నెండవనాడు పోశాలు వచ్చి, తానే ఆకు చించి రేక చేసుకొని, ముందు వరుసలో కూర్చున్నాడు.

“పొయ్యి.”

“నమ్మినవా మామా?”

“అబద్ధమాడెటోనివైతే తాగినట్టు గొంతు ఆడించుడు నీకు కష్టమా? అది చిన్నపిల్లలకు గూడ వస్తది. పదకొండు దినాలు లొట్లు పారవోసుడు అందరికి రాదు.”

ఇక్కడితో ముగియవలసిన సంగతి ముగియలేదు. కల్లు గీసేవాడే కల్లు మానాడన్న వార్త మద్యనిషేధ సంఘం ఒకదాని చెవిన పడింది. దాని కార్యదర్శి ఇరవై నాలుగేళ్ళవాడు, చదువుకున్నవాడు, ఎదుటివాని మాట పూర్తి కాకముందే జవాబు సిద్ధం చేసుకొనేవాడు. ఎండలో నడిచి మండువకు వెళ్ళాడు.

“కూసోండ్రి సారూ,” అన్నాడు మొగిలయ్య. “మీరిది తాగరు గద, మంచినీళ్ళిస్త.”

కార్యదర్శి తమ సభకు రమ్మన్నాడు. పూలమాల, శాలువా, వేదిక మీద కుర్చీ అన్నాడు. కల్లును వదిలిన గీత పనివాడు లోకానికి ఆదర్శమన్నాడు.

“నేను దాన్ని ఇడ్వలేదు సారూ. అదే నన్ను ఇడ్సింది.”

“ఆ వివరం సభలో అక్కరలేదు. నువ్వు ఊరికే కూర్చో, చాలు. నిన్ను చూసి ఇరవైమంది మానతారు. ఇరవై ఇళ్ళు బాగుపడితే నీకేమి నష్టం?”

మొగిలయ్య గీత కత్తిని రాతి మీద నూరసాగాడు. “అంటే, నాకు తెలిసిన సంగతి వాళ్ళకు తెల్వకుంటెనే మానుతరన్నట్టు,” అన్నాడు. సభకు వెళ్ళలేదు.

కార్యదర్శి మాత్రం వెళ్ళాడు. ఖాళీ కుర్చీని చూపి, మొగిలయ్య మనోనిగ్రహాన్ని గంటసేపు వర్ణించాడు. మండువలో జరిగిన సంభాషణను తనకు అనుకూలంగా దిద్దుకున్నాడు. పద్నాలుగు మంది లేచి నిలబడి ఒట్టు పెట్టుకున్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఆ కబురు తెలిసి మొగిలయ్య ఒక రోజు గీత పని తమ్మునికి అప్పగించి, ఆ పద్నాలుగు ఇళ్ళకూ కాలినడకన వెళ్ళాడు. గడపలో నిలబడి, తాను మానలేదని, తన ఒంటికి పడలేదని, అంతేనని చెప్పి వచ్చాడు. ఎనిమిది మంది ఒట్టు గట్టున పెట్టారు. గిరాకీ కోసం చెడగొట్టాడని ఊరు అన్నది. ఆ ఎనిమిది మందికి మాత్రం అతడు ఆ తరువాత ఎన్నడూ తన లొట్టి నుంచి చుక్క పోయలేదు. మిగిలిన ఆరుగురు మళ్ళీ తాగలేదు. వాళ్ళు ఎవరినో చూసి మానినవాళ్ళు కారు.

కార్యదర్శి ఆ నెలలోనే సంఘాన్ని వదిలేశాడు. మొగిలయ్యకు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. అతనింట చదివి వినిపించడానికి, చెప్పింది రాసిపెట్టడానికి బడికి పోయే కూతురు ఉందని తెలిసే రాశాడు. తాను చేసిన పని తప్పేనని మూడు పేజీలలో ఒప్పుకొని, నాలుగవ పేజీలో, ఆ తప్పు వల్ల ఆరుగురు బాగుపడ్డారు కదా అని అడిగాడు.

ఆచార్యులవారు అక్కడ ఆగారు. ఇందుశేఖర్ జేబులోని ఆహ్వానపత్రాన్ని తీసి చూశాడు. అచ్చు అక్షరాలు ఎప్పటిలాగే నల్లగా ఉన్నాయి.

“ఆచార్యా, నాకు వైన్ పడదు,” అన్నాడు. ఆ మాట ఇల్లు దాటి బయట అనడం అతనికి అదే మొదటిసారి. “అర గ్లాసుకే ఊపిరి ఆగింది. ఈ రోజు పడుతుందంటే రేపు తాగుతానేమో కూడా. అందుకే మానాను.”

“ఇది నాకు చెప్పవలసిన మాట కాదు.”

“తెలుసు. ఆదివారం చెబుతాను. ముందు వరుసకు.”

ఆచార్యులవారు తల ఊపలేదు, మెచ్చుకోలేదు. బయట సైకిలు ఆగిన చప్పుడైంది. లేచి వెళ్ళి, రెండు కవర్లు అందుకొని, ఎప్పటిలాగే వాటి మీది చేతిరాత చూసి బల్ల మీద పెట్టారు. ఇందుశేఖర్ ఆ చేతులనే చూస్తూ, నెమ్మదిగా అడిగాడు.

“ఆ ఉత్తరానికి మొగిలయ్య ఏమని జవాబు రాశాడు?”

“నలభై ఆరేళ్ళయింది,” అన్నారు ఆచార్యులవారు. “ఇంకా రాలేదు.”