జంబయ్య వెండి పలక

కొండ కింది వాగులో రెండుసార్లు విషం పారింది. ఎగువనున్న తోళ్ల కార్ఖానా వాళ్లు చెప్పాపెట్టకుండా మురుగు వదిలేశారు. చూడ్డానికి నీళ్లు తేటగానే ఉన్నాయి. తాగిన మూడు జింకపిల్లలు గట్టు దాటకుండానే పడిపోయాయి.

నీటికుక్క గవరమ్మ జంతువులన్నిటినీ పిలిచి ఉపాయం చెప్పింది. "గాజు పలక మీద లోహాన్ని వెంట్రుకలో వెయ్యో వంతు మందాన పూస్తాను. వెలుతురు పడితే పూతలోని ఎలక్ట్రాన్లు అలల్లా ఊగి పలకకు ఒక రంగొస్తుంది. పైన విషాన్ని పట్టే పాలిమర్ పొర వేస్తాను. విషం చిక్కితే రంగు మారుతుంది. చూసుకుని తాగొచ్చు."

"ఏ లోహం?" అడిగాడు దున్న పోలయ్య.

"బంగారం."

"వెండి ఉండగా బంగారమెందుకు?" అంది నక్క జంబయ్య. దాని బొరియ నిండా వెండే. ఎవరి పలక నెగ్గితే వాళ్లకు రేవు పక్క గుహ ఇస్తామని జంతువులు మాటిచ్చాయి మరి.

జంబయ్య తానూ ఒక వెండి పలక చేసి, తన బొరియ ముందు పొడి నేల మీద రెండు పలకలూ ఎండకు పెట్టి చూపించింది. వెండి పలక రంగు ముందు బంగారం పలక మసగ్గా కనిపించింది. అందరూ ఆహా అన్నారు.

"వెలుతురు విషయంలో వెండే మేలు, కాదనను," అంది గవరమ్మ. "కానీ మన బురదలో గంధకం ఉంది. వెండి నల్లబడుతుంది. నువ్వు వేసిన పొర కూడా నీళ్లు పీల్చే రకం."

"అదంతా నీ భయం, వదినా!"

"వాదులాటెందుకు? నాలుగు రోజులు రెండూ రేవులో ఉంచుదాం," అన్నాడు పోలయ్య.

జంబయ్య వెంటనే సరేనంది. రోజుకొకటి మార్చేయడానికి కొత్త వెండి పలకలు పొదలో దాచి ఉంచింది. తీరా చూస్తే పోలయ్య పలకల పక్కనే నీళ్లలో పడుకున్నాడు.

"గట్టు మీద లేతగడ్డి ఉంది, మేసిరా మావా."

"ఇక్కడికే పట్టుకురా, జంబయ్యా."

నాలుగు రోజులూ గడ్డి మోయడంతోనే సరిపోయింది నక్కకు.

ఐదో రోజు చూస్తే వెండి పలక మీది పొర నానిన అప్పడంలా ఉబ్బింది, దాని కింద వెండి నల్లగా మాడినట్టుంది. బంగారం పలక పెట్టినప్పటి రంగులోనే ఉంది.

జంబయ్య తడబడలేదు. "చూశారా! విషం వచ్చిందని నా పలక చెప్పింది. బంగారానికి తెలియనేలేదు!"

జంతువులు భయంతో వెనక్కి జరిగాయి.

"అయ్యో, అలాగా! పొద్దుట్నుంచీ ఇవే తాగుతున్నానే," అంటూ పోలయ్య మళ్లీ మూతి ముంచి కడుపారా తాగాడు. పక్కనే చేపలు ఈదుతున్నాయి. అందరూ జంబయ్య వైపు తిరిగారు. అది తల దించుకుని బొరియకు వెళ్లిపోయింది.

బంగారం పలక రేవులో నిలిచింది, గుహ గవరమ్మకు దక్కింది. పది రోజులకు పలక రంగు మారింది. అందరికంటే ముందు దాహంతో రేవుకొచ్చిన జంబయ్యే దాన్ని చూసి, నాలుక తడపకుండా వెనుదిరిగింది.

నీతి: ఏ వస్తువునైనా మెరిసే చోట కాదు, పనిచేయాల్సిన చోట పెట్టి చూసి ఎంచుకోవాలి.