సన్నాసమ్మ వంతు

అనగనగా అన్నా అందనంత వెనకటి మాట ఇది. ఒక ఊరి చివర ఒక పాడి ఇల్లు ఉండేది. ముత్తాత కట్టిన గొడ్ల సాల, తాత పెంచిన మంద, మనవడు కోసే గడ్డి. ఎన్ని గేదెలంటే తొమ్మిదనేవాళ్లూ ఉన్నారు, పన్నెండనేవాళ్లూ ఉన్నారు. ఏమో, గేదెలకే తెలియాలి.

ఆ గేదెల పాలు పితికేది సన్నాసమ్మ. ఆ ఇంటికి చుట్టమో, పనిమనిషో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. చిన్నప్పుడెప్పుడో వచ్చింది, ఉండిపోయింది. పిలిస్తే పలికేది, పిలవకపోతే లేదు. సాలలోకి ఒక్కతే పోయేది, చెంబులు నింపుకుని ఒక్కతే వచ్చేది. ఆ పాలు తాగి మూడు తరాలు పెరిగాయి.

ఒక రోజు తెల్లారింది, సన్నాసమ్మ లేవలేదు.

మూడో నాడు ఆకు వేశారు. పోయిన మనిషికి ఇష్టమైనది వడ్డించాలి కదా, ఏం వడ్డించాలి? ముసలి బంగారమ్మ తన కొడుకు లచ్చన్నని చూసింది. లచ్చన్న తన కోడలు ఈరమ్మని చూశాడు. ఈరమ్మ ఆకుని చూసింది. చివరికి పప్పూ అన్నం పెట్టి దణ్ణం పెట్టుకున్నారు.

అసలు గొడవ సాలలో ఉంది. సన్నాసమ్మ పోయిన పూట నుంచీ గేదెలు చేపడం మానేశాయి. గేదె చేపితేనే కదా పాలు చన్నుల్లోకి దిగేది. దూడని వదిలితే దూడకి చేపేవి, మనిషి చెయ్యి పడగానే బిగబట్టేవి.

"అది ఏదో పాట పాడేది" అంది బంగారమ్మ. పాడింది. చేపలేదు.

"పాట కాదమ్మా, వీపు మీద చరిచేది" అన్నాడు లచ్చన్న. చరిచాడు. గేదె తోకతో అతని మొహం మీద చరిచింది. చేపలేదు.

"చేతులకి ఆముదం రాసుకునేది మామా" అంది ఈరమ్మ. రాసుకుంది. చేపలేదు.

"ఇంతకీ అది పితుకుతుంటే చూసిందెవరు?" అన్నాడు లచ్చన్న.

ముగ్గురూ ఆలోచించారు. ముగ్గురూ చూడలేదు.

"ఇవి ఇంక వట్టిపోయినట్టే. రేపు సంతకి తోలేద్దాం" అన్నాడు.

వట్టిపోయిన గేదెని సంతలో కోతకే కొంటారు. అది ఈరమ్మకి తెలుసు. ఆ మందలో సుక్క ఉంది. పుట్టింటి నుంచి ఈరమ్మ వెనకాలే నడిచొచ్చిన పెయ్య అది. ఇప్పుడు పెద్ద గేదెయ్యింది.

మర్నాడు అందరికన్నా ముందు లేచి ఈరమ్మ సుక్క పక్కన కూచుంది. పితికితే చుక్క రాలేదు. దాని డొక్కకి తల ఆనించింది.

"ఈ ఇంట్లో నాకున్నది నువ్వొక్కదానివి. నిన్నూ తోలేస్తున్నారు. నేనొచ్చి ఏడేళ్లయిందే సుక్కా. నేను వండిన కూర బాగుందని ఒక్కరైనా అన్నారా? బాగోలేదని మాత్రం అందరూ అంటారు. మా ముసలిదుందే, పళ్లు లేవు గానీ, ముక్క ఉడకలేదని రోజూ ఏడుపే."

సుక్క చెవులు వెనక్కి తిప్పింది. నెమరు మొదలెట్టింది. ఈరమ్మ వేళ్ల మధ్య చన్ను బరువెక్కింది. చెంబులో జుయ్యిమంది. ఆశ్చర్యపోయి ఈరమ్మ నోరు మూసింది. ధార ఆగిపోయింది. మళ్లీ మాట్లాడింది. మళ్లీ దిగింది.

"పళ్లు లేనిది నేనేనా?"

వెనకాల బంగారమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో.

"నువ్వే మామ్మా."

"సరేలే, ఆపకు. చెంబు నిండలేదు."

ఆనక బంగారమ్మే రెండో గేదె కింద కూచుంది. దానికి మాత్రమే చెబుతున్నట్టు అంది: "సన్నాసమ్మకి నేను ఎప్పుడూ చద్దికూడే పెట్టాను. పొయ్యి మీద వేడిది ఉన్నా పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే నాకే తెలీదు."

గేదె చేపింది.

మూడో గేదె దగ్గరికి లచ్చన్నని తోశారు. అతను గొంతు సవరించుకున్నాడు. తలపాగా సవరించుకున్నాడు. చివరికి అన్నాడు: "నాకు గేదెలంటే భయం. చిన్నప్పట్నుంచీ."

అదీ చేపింది.

"అందుకా మామా, గడ్డి గుమ్మంలోంచి విసురుతావు?" అంది ఈరమ్మ.

ఆ రోజు ఎవరూ సంతకి పోలేదు. సుక్క దాని గుంజ దగ్గరే ఉంది. కానీ అన్నం దగ్గర ముగ్గురికీ ఒకటే ఆలోచన. అయితే సన్నాసమ్మ ఇన్నేళ్లూ గేదెలతో మనసు విప్పి మాట్లాడుతూనే ఉందన్నమాట. ఏం చెప్పిందో? తమని తిట్టిందా, మెచ్చుకుందా? ఎవరి మీదైనా మనసు పడిందా? పుట్టింటి కోసం ఏడ్చిందా? పోయి గేదెలకేసి చూశారు. అవి నెమరేసుకుంటున్నాయి.

నేనూ చాలా ఆలోచించాను. నాకూ తెలీదు.

ఆ వైపు పాడి ఇళ్లలో ఇప్పటికీ ఎవరైనా పాలు పితుకుతుంటే బయటివాళ్లు దగ్గకుండా సాలలోకి పోరు. ఎవరైనా ముభావంగా తిరుగుతుంటే, "పోయి గేదె కింద కూచోరాదూ" అంటారు. పితికేవాళ్లు తొలి ధార చెంబులో పట్టరు, నేలకి వదులుతారు. "ముందు నువ్వు చెప్పు సన్నాసమ్మా" అని ఆగుతారు. ఎంతసేపు ఆగాలో పెద్దవాళ్లు ఎవరూ చెప్పలేదు. ఆమె చెప్పాల్సింది ఎంత ఉందో తెలిస్తే కదా.