హోగ్లా కుడి చెవి

యెరూషలేము తగలబడి ఆరో ఏడు. నడి వేసవి. బబులోను రాజు చెరపట్టి తెచ్చిన యూదా వాళ్లు ఒక కాలువ గట్టున మట్టి ఇటుకలతో గుడిసెలు కట్టుకుని బతుకుతున్నారు. దేవాలయం కాలిన నెల వస్తే చాలు, ఒక రోజు పస్తుండి, గోనెపట్టలు కట్టుకుని అందరూ ఒకచోట కూర్చుంటారు. దేవుడు తమకీ శిక్ష ఎందుకు వేశాడో ఒకరు రాసి తెచ్చి చదువుతారు. మిగతావాళ్లు విని ఏడుస్తారు.

ఆ ఏడు రాసే పని పెలత్యాకు దక్కింది. గట్టు మీది పెద్దల్లో పెద్ద ఎలీషామా. తన కూతుర్ని పెలత్యాకిస్తానని అప్పటికే మాటిచ్చాడు. "ఉపవాసం నాడు నువ్వు చదివింది పదిమందీ మెచ్చుకోనీ, మర్నాడే పెళ్లి మాటలు" అన్నాడు.

పెలత్యా పది రోజులు కూర్చుని రాశాడు. తోలు చుట్ట పట్టుకుని గురువు జక్కూరు దగ్గరికి వెళ్లాడు. జక్కూరు ఒకప్పుడు దేవాలయంలో లేఖరి. ఇప్పుడు పళ్లూడిన ముసలివాడు, ఖర్జూరం నోట్లో నానబెట్టుకుని తింటున్నాడు.

పెలత్యా చదివాడు. "మా రాజులు పాపం చేశారు. మా యాజకులు పాపం చేశారు. మా తండ్రులు కొండకొండనా పరాయి దేవుళ్లకు ధూపం వేశారు. అందుకే ప్రభువా, నీ కోపం మా మీదికి వచ్చింది."

చదువుతూ చదువుతూ తనే కళ్లు తుడుచుకున్నాడు. తలెత్తి చూస్తే గురువు ఖర్జూరం గింజ ఉమ్మేస్తున్నాడు.

"బాగుందా అయ్యా?"

"అక్షరాలు కుదురుగా ఉన్నాయి."

"మరి మాటలు?"

"హోగ్లాకు చదివి వినిపించి రా. తర్వాత చెబుతాను."

"కూలికి పిండి విసిరే ఆ హోగ్లాకా? ఆవిడకేం తెలుస్తుందయ్యా?"

"ఆవిడ ఉపవాసానికి ఏనాడూ రాదు. విననివాళ్లంటూ ఒకరు మిగిలిపోకూడదు కదా. లే."

పెలత్యా లేచాడు గాని అడుగు పడలేదు. ఆరేళ్లుగా ఆ గుడిసె ముందు నుంచి నడవాల్సి వస్తుందని గట్టు చుట్టూ తిరిగి పోయేవాడు.

హోగ్లా గుమ్మంలో కూర్చుని తిరగలి తిప్పుతోంది. జుట్టంతా పిండి. అతన్ని చూసి చెయ్యి ఆపలేదు.

"ఎవరూ, చిన్నయ్యేనా! దారి తప్పావా?"

"గురువుగారు పంపారు. ఇది నీకు చదివి వినిపించమన్నారు."

"నాకా? అయితే చదువు. రొట్టెలకు ఆలస్యమైతే నన్ను తిట్టేది మీవాళ్లే."

అతను ఆమె కుడి పక్కన చతికిలబడి చుట్ట విప్పాడు. నాలుగు మాటలు చదివాడో లేదో, ఆమె చెయ్యెత్తింది.

"ఇటు పక్కకు రా చిన్నయ్యా. ఆ చెవి వినపడదు."

పెలత్యా చూశాడు. కుడి చెవి తమ్మె చిరిగి, ముడతపడి ఎండిపోయి ఉంది.

అది అతను చేసిన చిల్లే.

హెబ్రీ దాసి ఆరేళ్లు పనిచేస్తే ఏడో ఏట వదిలెయ్యాలన్నది ధర్మశాస్త్రం. తనంతట తాను, "నా యజమాని ఇల్లంటే ఇష్టం, పోను" అంటేనే చెవిని గుమ్మానికి ఆనించి కదురుతో పొడుస్తారు. ఇక ఆ మనిషి బతికున్నంత కాలం ఆ ఇంటిదే. పెలత్యా ఇంట్లో దాసి హోగ్లాను పన్నెండేళ్లయినా వదల్లేదు. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టినప్పుడు భయం పుట్టి, దేవుడి ముందు ఒట్టేసి, ఊరంతా దాసదాసీలను వదిలేసింది. సైన్యం కొన్నాళ్లు వెనక్కి తగ్గగానే అందరూ వాళ్లను మళ్లీ ఈడ్చుకొచ్చారు. పెలత్యా తండ్రి ఒక అడుగు ముందుకేశాడు. ధర్మం తప్పలేదని చూపడానికి ఆమెను గుమ్మం దగ్గర నిలబెట్టాడు. ఆమె నోరు విప్పలేదు. ఆమె అనాల్సిన మాట పంతొమ్మిదేళ్ల పెలత్యా అన్నాడు. తండ్రి చెయ్యి వణుకుతుంటే కదురు కూడా తనే తీసుకున్నాడు.

"చీము పట్టి లోపలిదాకా పాకింది. ముట్టడి రోజులు, రాయడానికి నూనె చుక్క లేదు" అంది హోగ్లా, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "ఊఁ, చదువు."

అతను ఎడమ పక్కకు జరిగి చదివాడు. రాజులు అయిపోయారు. యాజకులు అయిపోయారు. తండ్రులూ కొండలూ అయిపోయాయి.

తిరగలి ఆగింది.

"అంతేనా?"

"అంతే."

"మన గుమ్మం ఎక్కడ రాశావు చిన్నయ్యా?"

పెలత్యా చుట్ట చుట్టేశాడు.

"మీవాళ్లు ఏడవడానికి నేనెందుకు రానో ముసలాయన్ని అడుగు. మీకిది చెర. నాకు, మీరివ్వని ఏడో ఏడు." అని ఆమె మళ్లీ గుప్పెడు గింజలు తిరగలిలో పోసింది.

అతను తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. జక్కూరు అక్కడే కూర్చునున్నాడు. ఆమె ఏమందని అడగలేదు. చుట్ట తీసుకుని, తడిగుడ్డతో "మా తండ్రులు" అన్న వాక్యమంతా తుడిచాడు. ఆ చోట కలంతో చిన్నగా ఏదో రాసి, శిష్యుడి ముందు పెట్టాడు.

'జక్కూరు అనే నేను ఆ రోజు గుమ్మం దగ్గర సాక్షిని. నోరు మెదపలేదు.'

పెలత్యా చుట్టను వెనక్కి నెట్టాడు. "అయ్యా, ఎలీషామాగారు వింటారు. అందరూ వింటారు."

జక్కూరు కలం అతని చేతిలో పెట్టాడు.

"కింద ఇంకా చోటుంది" అన్నాడు.

ఉపవాసం నాడు పెలత్యా జక్కూరు పేరూ, దాని కింద తను రాసుకున్న తన పేరూ చదివాడు. గుమ్మం, కదురు, తన నోటితో అన్న మాట, ఏదీ దాచలేదు. ఆ రోజు ఎవరూ ఏడవలేదు. హోగ్లా అందరికంటే వెనక, ఎడమ చెవి ఇటు తిప్పుకుని నిలబడింది. చదవడం సగంలో ఉండగానే ఎలీషామా లేచి వెళ్లిపోయాడు.

ఖర్జూరం కోతలు కాగానే అతను కూతుర్ని వేరే ఇంటికిచ్చాడు. పెలత్యాకు ఆ గట్టు మీద మరెవ్వరూ పిల్లనివ్వలేదు.